వాసన లేని పెట్రోలు

మా బావ పోయాడన్న కబురు నేను మద్దిలపాలెంలో నా షాపులో ఉండగా వచ్చింది. పొద్దున్న తొమ్మిది కావస్తోంది. ఎవరిదో చేలకి మందు కొట్టే మిషను ముందేసుకుని, దాని కార్బరేటర్ విప్పి కడుగుతున్నాను. ఫోన్ చేసింది మా మేనకోడలు. "మావయ్యా, నాన్న లేగట్లేదు" అంది. పక్కింటాయన ఫోన్ అందుకుని మిగతాది చెప్పాడు. టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకి చేరగిలబడ్డవాడు అలాగే ఉండిపోయాడట. గుండె అన్నారు.

నిజమే రాయాలని కూర్చున్నాను కాబట్టి ఇది కూడా రాస్తాను. ఆ మాట వినగానే నాకు ఏడుపు రాలేదు. ఇందులోనూ నాకంటే ముందే వెళ్ళిపోయాడు చూశావా అనిపించింది. పోయిన మనిషి మీద ఎవరైనా అలా అనుకుంటారా అని మీకు కోపం రావచ్చు. పాతికేళ్ళ పాటు ఒకే మనిషిని చూసి కుళ్ళుకున్నవాడికి ఏ కబురు విన్నా మొదట ఆ కుళ్ళే పైకి వస్తుంది. ఏడుపు తర్వాత వచ్చింది. ఆటోలో, కాన్వెంట్ జంక్షన్ దాటాక వచ్చింది.

మల్కాపురంలో వాళ్ళ వీధి మొదట్లోనే ఆటో దిగిపోవాల్సి వచ్చింది. అంత జనం. పోర్టు కలాసీలు, కలప అడితుల వాళ్ళు, క్రేను డ్రైవర్లు, ఎప్పుడో దుంగలు దొర్లించి మానేసిన ముసలివాళ్ళు. చైను రంపంతో దుంగలు కోసేవాళ్ళయితే ఊళ్ళో ఉన్నవాళ్ళంతా వచ్చేశారు. ఆ రోజు పోర్టు వైపు అడితుల్లో ఒక్క మిషనూ మోగలేదని ఎవరో చెప్పారు. నేను పోతే ఎంతమంది వస్తారా అని అక్కడే, అతని కాళ్ళ దగ్గర నిలబడి, లెక్క వేసుకున్నాను. మా షాపు ఉన్న వరసలో నలుగురైదుగురు వస్తారు. వాళ్ళు కూడా షట్టరు సగం దించి వస్తారు.

బావ మా అక్క మొగుడు. మా వైపు అక్క మొగుడూ, పెళ్ళాం తమ్ముడూ ఒకర్నొకరు బావా అనే పిలుచుకుంటారు కాబట్టి అతనికి నేనూ బావనే. అతను మా ఇంట్లో అడుగుపెట్టిన మొదటి నెల్లోనే చేపల పులుసులో పెద్ద ముక్క అతని కంచంలోకి మారిపోయింది. అంతకుముందు అది నాది. మా నాన్న పోర్టులో కలాసీ. ఇంటర్ పాసైన కొడుకుని ఏనాడూ ఏదీ సంప్రదించని మనిషి, ఐదో తరగతితో బడి మానేసిన అల్లుణ్ణి అడక్కుండా ఇంటికి సున్నం కూడా వేయించేవాడు కాదు. పోనీ బావకి నా మీద ఏదైనా చిన్నచూపు ఉందా అంటే అదీ లేదు. ఒక్కసారి నన్ను తక్కువ చేసి మాట్లాడి ఉంటే ఎంతో బాగుండేది. ఆ ఒక్క మాట పట్టుకుని జీవితాంతం సాధించేవాణ్ణి.

నేను ఓడలకి సరుకులు అందించే ఒక ఆఫీసులో రెండేళ్ళు పనిచేశాను. నాకొచ్చిన ఇంగ్లీషు అక్కడ ఓడవాళ్ళతో మాట్లాడి తెచ్చుకున్నదే. ఆ ఆఫీసు మూతపడి నేను ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నప్పుడు బావే వచ్చి నన్ను కోత పనికి తీసుకెళ్ళాడు. పోర్టులో దిగే విదేశీ దుంగల్ని లారీకి పట్టేలా ముక్కలు చెయ్యడం ఆ పని. చైను రంపాన్ని మేం మిషను అనేవాళ్ళం, ఇద్దరివీ సెకండ్ హ్యాండ్ మిషన్లే. నాది నాలుగేళ్ళ పాతది. అతనిది అతనికంటే ముందు ఎన్ని చేతులు చూసిందో తెలీదు, దాని మీద రంగు కూడా మిగల్లేదు. అయినా అతనిది రెండో లాగుకే స్టార్టయ్యేది. నాది భుజం పడిపోయేదాకా లాగించుకునేది.

బావకి కొన్ని అలవాట్లుండేవి. పొద్దున్నే వచ్చి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని చైను పళ్ళన్నిటికీ ఆకురాయి పట్టేవాడు. పంటికి మూడు రాపిళ్ళు, నాలుగోది ఉండదు. కోయబోయే దుంగ మీద కూర్చునేవాడు కాదు, ఇంకొకర్ని కూర్చోనిచ్చేవాడు కాదు. మొదటి కోతలో రాలిన పొట్టు చిటికెడు తీసి వాసన చూసి అది ఏ కర్రో చెప్పేవాడు. నేను తాడు లాగి లాగి బూతులు తిడుతుంటే దగ్గరికొచ్చి, "మిషనికి తొందర్నేదు బావా, తొందరంతా నీకే. ఓపాలి ఊపిరి తీసుకోని లాగు" అనేవాడు. అతను చెప్పినట్టు చేస్తే స్టార్టయ్యేది. అందుకనే చాలాసార్లు అతను చెప్పినట్టు చేసేవాణ్ణి కాదు.

నా కోత ఎప్పుడైనా నిఖార్సుగా కుదిరిందనుకోండి, అడితిలో మేస్త్రీ దగ్గరికొచ్చి చేత్తో నిమిరి, అచ్చం మీ బావ కోతలాగే ఉంది అనేవాడు. నన్ను మెచ్చుకుంటున్నానని అతని ఉద్దేశం.

నేను అసలు చెప్పాలనుకున్నది తొంభైల మధ్యలో ఒక వానాకాలం సంగతి. ఒక కంపెనీకి పై దేశం నుంచి భారీ యంత్రాలు వచ్చి పోర్టు దగ్గర ఒక గోడౌన్లో దిగాయి. ఒక్కో యంత్రం కింద నడుమంత మందం దూలాలు బోల్టులతో బిగించి ఉన్నాయి. వాటిని జాగ్రత్తగా కోసి యంత్రాన్ని కిందికి దించాలి. జల్లు పడి యంత్రాలు తడవకూడదని షట్టర్లన్నీ దించేసేవారు. లోపల మా మిషన్లు నాలుగు. పెట్రోల్లో ఆయిలు కలిపి పోసే ఆ మిషన్లు ఎలాంటి పొగ వదులుతాయో వాటి పక్కన నిలబడినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మధ్యాహ్నమయ్యేసరికి కళ్ళు మండి, తల దిమ్మెక్కిపోయేది. మా అందరిలోకీ బావకే ఆ పొగ బొత్తిగా పడేది కాదు. ఇంటికెళ్ళగానే కక్కుకునేవాడు, అన్నం నోట పెట్టలేకపోయేవాడు. ఈ పని ఒగ్గేయమని మా అక్క మొత్తుకునేది. ఒగ్గేస్తే ఇల్లెలా గడుస్తుందని అతను, ఇలా కక్కుకుంటే మనిషెలా మిగుల్తాడని ఆమె.

యంత్రాలతోపాటు స్వీడన్ నుంచి ఒక ఇంజినీరు వచ్చాడు. మేమందరం దొర అనేవాళ్ళం. ఆ గోడౌన్లో పనివాళ్ళందరిలో అతని మాట అర్థమయ్యేది నాకొక్కడికే. బావకి లేనిదీ నాకున్నదీ అదొక్కటే కాబట్టి నేను కాలరెగరేసుకుని తిరిగాను. దూలం ఎక్కడ కొయ్యాలో దొర నాకు చెప్పేవాడు, నేను బావకి చెప్పేవాణ్ణి. బావ అలాగే బావా అని తలూపి కోసేవాడు. అతను ఒక మాట కోసం నా మొహంలోకి చూడటం జన్మలో అదే మొదలు. అది నాకు ఎంత బాగుండేదంటే, ఒక్కోసారి దొర చెప్పింది వెంటనే చెప్పకుండా కాసేపు ఆలోచిస్తున్నట్టు నిలబడేవాణ్ణి.

ఒకరోజు బావ కోత మధ్యలో మిషను ఆపేసి బయటికి పరిగెత్తి, గోడ వారన కూర్చుని కక్కుకున్నాడు. దొర చూసి ఏమైందని నన్ను అడిగాడు. పొగ పడట్లేదని చెప్పాను. దొర ముందు షట్టర్లన్నీ ఎత్తించాడు. తర్వాత తన పనిముట్ల పెట్టె దగ్గరికెళ్ళి ఐదు లీటర్ల డబ్బా ఒకటి తెచ్చి, మూత తీసి బావ ముక్కు దగ్గర పెట్టాడు. బావ భయపడుతూనే వాసన చూశాడు. నమ్మకం కుదరక ఇంకోసారి చూశాడు.

"ఇది పెట్రోలేటి బావా? ఏటీ వాసన్నేదు" అన్నాడు నాతో.

దాన్ని ఆల్కిలేట్ పెట్రోలు అంటారని దొర చెప్పాడు. మామూలు పెట్రోల్లో తల తిప్పించే సరుకు ఇందులో దాదాపు ఉండదట. ఆయిలు కూడా ముందే కలిపి వస్తుంది, మళ్ళీ కొలిచి కలపక్కర్లేదు. వాళ్ళ దేశంలో అడవుల్లో పొద్దస్తమానం చెట్లు కోసేవాళ్ళు ఇదే పోసుకుంటారట. ఇది పోసినా షట్టర్లు మాత్రం ఎత్తే ఉంచాలన్నాడు. తను మర్నాడు వెళ్ళిపోతున్నాడు, పెట్రోలు విమానంలో ఎక్కించనివ్వరు, యంత్రాలతోపాటు ఓడలో తెచ్చుకున్న డబ్బాల్లో ఏడు మిగిలాయి. రిఫైనరీ పక్కనే పుట్టి పెరిగినవాళ్ళం, వాసన లేని పెట్రోలు ఒకటుంటుందని మాకెవరికీ తెలీదు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి డబ్బాలో ముక్కు పెట్టి చూశారు.

ఆ ఏడు డబ్బాలూ దొర బావకి ఇచ్చేశాడు. నాకు కాదు. ఆ రోజులన్నీ ఆ పొగలో అతని మాట మోసింది నేను. డబ్బాలు మాత్రం, అతని భాషలో ఒక్క ముక్క రాని మా బావకి.

డబ్బాలు అప్పజెప్పాక దొర బావ మిషను చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూసి, నా వైపు తిరిగి ఒక హెచ్చరిక చేశాడు. ఇది పాత మిషను, ఇన్నేళ్ళూ మామూలు పెట్రోలు తాగింది. లోపలి రబ్బరు పైపూ, కార్బరేటర్లో ఉండే పల్చటి పొరా ఆ పెట్రోలుకి ఉబ్బి ఉంటాయి. ఉన్నట్టుండి ఇది పోస్తే అవి ముడుచుకుపోయి, సందుల్లోంచి గాలి పీలుస్తుంది. కాబట్టి ముందు అవి కొత్తవి వేయించు, కార్బరేటర్ స్క్రూ కాస్త తెరిపించు, ఆ తర్వాతే పోయించు. లేకపోతే పిస్టన్ పట్టేస్తుంది. ఇదంతా నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలా చెప్పాడు.

బావ నా మొహంలోకి చూస్తున్నాడు. "ఏటంటన్నాడు?" అని అడిగాడు.

"జాగర్తగా వాడుకోమంటన్నాడు" అన్నాను.

అంతే అన్నాను. అబద్ధమైతే కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మిషను పాడైపోవాలని నేను కోరుకోలేదు, ఇది మీరు నమ్మాలి. అతనికి దొరికినదాంట్లో కాస్త తక్కువ దొరకాలని కోరుకున్నాను.

బావ తన ట్యాంకులో మిగిలిన మామూలు పెట్రోలు వృథా ఎందుకని నా మిషన్లో ఒంపేసి, తన మిషన్లో దొర పెట్రోలు పోసుకున్నాడు. నాలుగు రోజులు అతనికి పండగే. పొగలో ఘాటు లేదు, తలనొప్పి లేదు, కక్కు లేదు. ఇంటికెళ్ళి రెండోసారి అన్నం పెట్టించుకున్నాడని అక్క మా ఇంటికి వచ్చి మా అమ్మకి చెప్పి మురిసిపోయింది. నేను పక్క గదిలో ఉండి విన్నాను. మా అమ్మ దేవుడికి దండం పెట్టుకుంది. దొర చెప్పినదంతా ఉత్తదేమో, ఏమీ కాదేమో అనుకున్నాను. కొంచెం నిరాశ కూడా పడ్డానేమో.

ఐదో రోజు బావ మిషను గొంతు మారింది. మీట మీద వేలు వదిలినా వేగం తగ్గట్లేదు, సన్నగా కీచుమని అరుస్తోంది. బావ ఒకసారి దాని వైపు వింతగా చూసి, ఆ ఒక్క దూలం పూర్తి చేసి చూద్దామని మళ్ళీ కోతలో పెట్టాడు. నేను రెండు దూలాల అవతల ఉన్నాను. ఆ అరుపు ఏమిటో ఆ గోడౌన్లో నాకొక్కడికే తెలుసు. చెయ్యెత్తి ఆపమనడానికి రెప్పపాటు చాలు. నేను తల వంచుకుని నా కోత కోస్తూనే ఉన్నాను. అరుపు ఆగిపోయింది. బావ తాడు లాగితే తాడు కదల్లేదు. దొర అప్పటికే విమానం ఎక్కి వెళ్ళిపోయాడు.

బావ రెండు రోజులు ఇంట్లో కూర్చుని మిషను విప్పాడు. పిస్టన్ నిలువునా గీతలు పడిపోయింది. కొత్త పిస్టనూ సిలిండరూ మద్రాసు నుంచి రావాలి, నెల పడుతుంది. మూడో రోజు మా ఇంటికి వచ్చాడు. వేలెడు రబ్బరు పైపు ముక్క నా చేతిలో పెట్టాడు. నొక్కితే గట్టిగా, బిరుసుగా ఉంది.

"దొర ఆ రోజు ఇంకేటైనా సెప్పినాడేటి బావా?" అని అడిగాడు.

"నేదే. ఏటీ సెప్పనేదు" అన్నాను.

అతను పైపు ముక్క వెనక్కి తీసుకుని సర్లే అన్నాడు. మా అమ్మని అడిగి మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

ఆ నెలంతా గోడౌన్లో అతని వంతు దూలాలు నేనే కోశాను. అతని చోట్లో నిలబడ్డాను కదా, సంతోషించి ఉంటాననుకుంటారేమో. మమ్మల్ని అక్కడికి తెచ్చిన అడితి మేస్త్రీ ప్రతి దూలం దగ్గరికీ వచ్చి, మీ బావయితే ఈపాటికి అయిపోను అని గుర్తుచేసి వెళ్ళేవాడు. లేని మనిషితో పోటీ పడటం ఉన్న మనిషితో పడటం కన్నా కష్టంగా ఉండేది. ఆ నెల్లాళ్ళూ అక్క ఇంటి గడప తొక్కలేదు.

సామాన్లు వచ్చాక బావే కబురు పెట్టాడు, నీ మిషను కూడా పట్టుకురమ్మని. వెళ్ళేసరికి వాకిట్లో గోనె పరిచి, తన మిషను అప్పటికే బిగించేశాడు. నా మిషను దాని పక్కన పెట్టించాడు. తనకి తెప్పించుకున్నప్పుడే నా మిషనుకి కూడా కొత్త పైపూ, కార్బరేటర్ పొరా, పెట్రోలు ఫిల్టరూ తెప్పించాడట. ట్యాంకులో ఉన్నదంతా ఒంపేసి, మిగిలింది కాలిపోయి దానంతటదే ఆగిపోయేదాకా మిషను నడిపించాడు. అది చల్లారాక ఒక్కొక్కటీ విప్పి చూపిస్తూ చెప్పాడు.

"సూడు బావా, పాత మిషను కదా. ఈ పైపు మామూలు పెట్రోలుకి ఉబ్బిపోయుంటాది. ఆ పెట్రోలు పోసేమంటే ముడుసుకుపోతాది, గాలి లాగేత్తాది. అందుకే ముందు ఇయ్యి మార్సాల. అప్పుడు పొయ్యాల."

దొర నాతో ఇంగ్లీషులో చెప్పిన మాటలే, అదే వరసలో. నేను మొదటిసారి వింటున్నట్టు తలూపుతూ కూర్చున్నాను. లోపల మాత్రం ఒకటే మంట. ఐదో తరగతి మనిషి, పాడైన మిషను ముందేసుకుని, ఎవరూ చెప్పకుండా ఇదంతా తనంతట తనే కనిపెట్టేశాడే అని.

కొత్తవన్నీ వేసి, దొర పెట్రోలు పోసి, స్టార్ట్ చేశాడు. చిన్న స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చి, కార్బరేటర్ స్క్రూ నా చేతే తిప్పించాడు. "గొంతు కొంచెం బొంగురుపోయేదాకా తెరువు. కీచుమంటే దానికి ఆకలేత్తన్నట్టు లెక్క" అన్నాడు. నేను వెంట్రుకవాసి తిప్పుతుంటే అతను కళ్ళు మూసుకుని విని, చాలని చెయ్యెత్తాడు. తెలిసిందా అని అడిగాడు. తెలిసిందన్నాను. ఇంకేదైనా అంటానేమోనన్నట్టు అతను కాసేపు అలాగే ఉన్నాడు. నేను స్క్రూడ్రైవర్ తుడుస్తూ కూర్చున్నాను. బావ లేచి లోపలికెళ్ళి, మిగిలిన ఆరు డబ్బాల్లో మూడు తెచ్చి నా మిషను పక్కన పెట్టాడు.

ఆ డబ్బాలు ఎన్నాళ్ళు వస్తాయి, అయిపోయాయి. మళ్ళీ మామూలు పెట్రోలుకే వచ్చేశాం. ఆ తర్వాత ఏ గోడౌన్లో పనికి పిలిచినా షట్టర్లు ఎత్తితేనే తాడు లాగుతానని బావ తెగేసి చెప్పేవాడు. అతను అన్నాడని మిగతావాళ్ళూ అనడం మొదలుపెట్టారు. ఓడ మీద నుంచి విదేశీ ఇంజినీరు ఎవరు దిగినా, వాసన లేని పెట్రోలు మీ దగ్గరుందేమో అడుగు బావా అని నన్ను వెంటబెట్టుకెళ్ళేవాడు. నేను అడిగేవాణ్ణి. వాళ్ళు చెప్పినది పొల్లు పోకుండా అతనికి చెప్పేవాణ్ణి. ఎవరి దగ్గరా లేదు.

రెండు వేల సంవత్సరం దాటాక నేను కోత పని మానేసి మద్దిలపాలెంలో ఈ రిపేరు షాపు పెట్టుకున్నాను. ఏ పాత మిషను వచ్చినా ముందు పైపు నొక్కి చూస్తాను, తర్వాత కళ్ళు మూసుకుని గొంతు వింటాను. నా చెవి గొప్పదని గిరాకీలు అంటుంటారు. అది ఎవరి దగ్గర నేర్చుకున్నానో ఒక్కరికీ చెప్పలేదు. ఈ షాపులో నాకు వచ్చిన విద్య అంటూ ఏదైనా ఉంటే అది ఆ రోజు వాకిట్లో గోనె మీద అతను పెట్టిందే.

పెద్దకర్మ రోజున అక్క నన్ను వెనక గదిలోకి పిలిచింది. గోనెలో చుట్టిన బావ మిషను నా ముందు పెట్టి తీసుకుపొమ్మంది. అడితుల వాళ్ళు ఇద్దరు ముగ్గురు అడిగారట, ఇవ్వనని చెప్పిందట. "నువ్వు తప్ప దీన్నెవులు సూసుకుంటార్రా" అంది. ఏళ్ళ తరబడి నేను కన్నేసి ఉంచిన మిషను అది. చెయ్యి చాపితే నాది. చెయ్యి రాలేదు. అక్కడే నేల మీద కూర్చుని, గోడౌనూ, దొరా, నేను మింగేసిన హెచ్చరికా, అన్నీ అక్కకి చెప్పేశాను.

అక్క ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఆమె కొంగుతో మిషను మీద దుమ్ము తుడుస్తూనే ఉంది. అదంతా వాళ్ళకి అప్పుడే తెలుసట. డబ్బా పక్కన అంటించిన కాగితం మీద ఇంగ్లీషులో రాసే ఉందట. మా మేనకోడలు అప్పటికి ఏడో తరగతి. మిషను పట్టేసిన సాయంత్రం నుంచి అది నిఘంటువు ముందేసుకుని ఒక్కో మాటకీ అర్థం వెతికి తండ్రికి చెప్పిందట. బావ ఆ పైపు ముక్క పట్టుకుని నా దగ్గరికి వచ్చింది ఆ తర్వాతేనట.

"తెలిసీ నన్నెందుకడిగినాడే?" అన్నాను.

"నువ్వు సెప్తావేమోనని. సెప్పేత్తే ఆడికే తేలికైపోతాది అన్నాడు" అంది అక్క.

కోపం రాలేదా అని అడిగాను. ఎందుకు రాదు, మా ఇంటి నుంచి తిరిగి వచ్చాక నన్ను తన్నేస్తానని మళ్ళీ చొక్కా తొడుక్కున్నాడట. అక్కే గుమ్మానికి అడ్డం నిలబడిందట. మర్నాటికి చల్లబడి, మావయ్య దగ్గర ఈ మాట ఎత్తొద్దని కూతురికి గట్టిగా చెప్పాడట. ఆ నెల్లాళ్ళూ పొగ లేక మనిషి కాస్త ఒళ్ళు చేశాడని, పెళ్ళయ్యాక అతను వరసగా నెల రోజులు కడుపునిండా తిన్నది అప్పుడేనని చెప్పి అక్క చిన్నగా నవ్వింది. పాతికేళ్ళలో నా వల్ల అతనికి జరిగిన మేలు అదొక్కటి. అది కూడా నేను చెయ్యాలని చేసింది కాదు.

ఇక్కడ మీతో ఒకటి ఒప్పుకోవాలి. ఇంతసేపూ మీ దగ్గర కూడా ఒక మాట దాచాను. రాయకుండా ముగించేద్దామనే అనుకున్నాను. ఆ రోజు డబ్బాలన్నీ బావ ముందు పెట్టినప్పుడు, నేను ఉండబట్టలేక, అతనికే ఎందుకిస్తున్నావని దొరని సిగ్గు విడిచి అడిగాను. దొర తండ్రి నలభై ఏళ్ళు అడవిలో చెట్లు కోసిన మనిషట. "మా నాన్న తర్వాత రంపాన్ని ఇలా పట్టుకున్న మనిషి మళ్ళీ ఇతనే కనిపించాడు, ఈ మాట అతనికి చెప్పు" అన్నాడు దొర. చెప్పు అని మరీ అన్నాడు. హెచ్చరిక డబ్బా మీద రాసి ఉంది, ఎలాగో వాళ్ళకి చేరింది. ఈ మాట ఏ డబ్బా మీదా రాసి లేదు. పదేళ్ళ పైన అది నా ఒక్కడి దగ్గరే ఉండిపోయింది. బావ వినకుండానే వెళ్ళిపోయాడు.

అది కూడా అక్కకి చెప్పాను. మిషను తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. అప్పటిదాకా ఏడవని మనిషి అప్పుడు కూలబడి ఏడ్చింది. ఏడ్చి, మొహం తుడుచుకుని, "ఇన్నాళ్ళు ఎలగ దాసుకున్నావురా ఆ మాట, అరిగిందేటి నీకు?" అంది. నా మణికట్టు పట్టుకుని లేపి, వీధిలో షామియానా కిందికి లాక్కెళ్ళింది. కోత పనివాళ్ళందరూ అప్పుడే భోజనాలకి కూర్చున్నారు. మొదటి వరస ముందు నన్ను నిలబెట్టింది.

"సెప్పు" అంది.

చెప్పాను. రెండో వరస దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడా చెప్పాను. దొర ఎవరో, ఏ సందర్భమో మొదట్నుంచీ చెప్పించింది. విన్నవాళ్ళు తమకి ఎప్పుడో తెలిసిన సంగతే అన్నట్టు తలలూపి, పక్కవాళ్ళకి చెప్పుకున్నారు. మేస్త్రీ తినడం ఆపి ఇంకోసారి చెప్పించుకున్నాడు. అబద్ధం ఎందుకు, చెప్పిన ప్రతిసారీ నాకు కడుపులో మండుతూనే ఉంది. నా గురించి అలాంటి మాట ఏ దేశంవాడూ అనలేదు, ఇక అనడు. చెబుతూనే ఉన్నాను. గొంతు బొంగురుపోయింది.

చివరి వరస చివర్లో, బావని చిన్నప్పుడు మొట్టమొదట కోత పనిలో పెట్టిన ముసలాయన కూర్చున్నాడు. ఏళ్ళ తరబడి మిషన్ల పక్కన నిలబడి ఆయనకి చెవులు పోయాయి. నా పెదాలు కదలడం చూసి, కలిపిన ముద్ద ఒక చేతిలో అలాగే పట్టుకుని, రెండో చెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు.

"ఏటీ?" అన్నాడు.

నేను వంగి, వీధి వీధంతా తిరిగి చూసేలా గొంతు చించుకుని అరిచాను. "దొరోల నాయిన తరవాత రంపం అట్టుకోడం తెలిసినోడు మా బావేనంట."

ముసలాయన వినపడలేదన్నట్టు తల అడ్డంగా ఊపి, చెవి ఇంకా దగ్గరికి తెచ్చాడు.